రేపటి సంగతి ఈరోజే చెప్పండి

రౌండ్స్‌లో పెద్ద డాక్టరు మంచం దగ్గర ఉన్నంతసేపూ ఇంటివాళ్లు నోరు మెదపరు. చేతులు కట్టుకుని అన్నిటికీ తలూపుతారు. ఆయన పక్క మంచానికి కదిలాక తల్లో, భార్యో మెల్లగా నర్సు దగ్గరికొచ్చి అడుగుతారు: "సిస్టర్, కౌంట్ పడిపోయిందంటున్నారు, అంటే ఏంటమ్మా? ఇవాళ ఇడ్లీ పెట్టొచ్చా?" రెండు ప్రశ్నలూ కలిపే వస్తాయి. రెండోదానికి "పెట్టొచ్చు" అనేసి వెళ్లిపోవడం సులువు. మొదటిది అలాగే ఉండిపోతుంది. రాత్రి పన్నెండింటికి ఫోన్లో బంధువులెవరో దానికి తమకు తోచిన జవాబు చెబుతారు. ఆ జవాబు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

బ్లడ్ క్యాన్సర్ వార్డులో కొత్తగా చేరిన నర్సుకు అందరూ చెప్పే సలహా ఒకటుంది, పేషెంటుకు ధైర్యం చెప్పమని. నా లెక్కలో "ధైర్యంగా ఉండండి" అనే మాటకు వార్డులో విలువ చాలా తక్కువ. ఆ మాట స్వీపర్ దగ్గర్నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల దాకా అందరూ అంటారు. మీరు మాత్రమే ఇవ్వగలిగింది వేరే ఉంది. రేపు ఏమవుతుందో, ఎల్లుండి ఏమవుతుందో ముందే చెప్పగలగడం. ఈ అధ్యాయమంతా దాని గురించే.

ఒక ఉదాహరణ. లుకేమియాకు వాడే డానోరుబిసిన్ ఎర్రటి మందు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తుంది. రంగు మందుదే, ప్రమాదం లేదు. కానీ ఇదే కుటుంబానికి నిన్న మీరే "ప్లేట్‌లెట్స్ తక్కువున్నాయి, ఎక్కడ రక్తం కనిపించినా వెంటనే చెప్పండి" అని హెచ్చరించి ఉన్నారు. తెల్లవారుజామున బాత్రూంలో ఎరుపు చూసిన తండ్రి పరిస్థితి ఊహించుకోండి. సీసా తగిలించేటప్పుడు ఒక్క వాక్యం చెబితే ఆ కేక ఉండదు. పైగా మీరు చెప్పింది చెప్పినట్టు జరిగింది గనక, తర్వాత మీరు చెప్పే కష్టమైన మాటను కూడా వాళ్లు నమ్ముతారు.

విన్‌క్రిస్టిన్ ఇచ్చిన వారంలో దవడ నొప్పి రావొచ్చు, మలబద్ధకం దాదాపు తప్పదు, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. డెక్సామెథసోన్ వాడే రోజుల్లో పిల్లాడు రాత్రి రెండింటికి లేచి అన్నం పెట్టమంటాడు, పెట్టకపోతే గిన్నె విసిరేస్తాడు. "మావాడు ఇలాంటివాడు కాదు సిస్టర్" అని తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అది మందు కోపమనీ, ఆపగానే దిగిపోతుందనీ ఆమెకు ముందే తెలిసుండాలి. లేకపోతే జబ్బు తలకెక్కిందనుకుంటుంది.

జుట్టు రెండు మూడు వారాల్లో ఊడటం మొదలవుతుంది. చాలా ఇళ్లలో ఊరివాళ్లకు "తిరుపతిలో గుండు చేయించాం" అని చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, అందులో తప్పేముంది? అయితే నిజంగానే కొండకు వెళదామనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు రెండు విషయాలు చెప్పాలి. కౌంట్ తక్కువున్నప్పుడు ఆ జనంలోకి వెళ్లకూడదు. మంగలి కత్తి గాటు పడితే రక్తం ఆగదు, కాబట్టి ఇంట్లోనే ట్రిమ్మర్‌తో తీయించాలి. మొక్కు ఉంటే ముడుపు కట్టి పెట్టుకుని కణాలు కోలుకున్నాక తీర్చుకోమనండి. మొక్కును వెక్కిరించిన నర్సు మాట ఆ ఇంట్లో తర్వాత ఎవరూ వినరు.

ఇక కౌంట్ అంటే ఏంటన్న ప్రశ్న. మన దగ్గరికి వచ్చేవాళ్లలో సాగు తెలిసినవాళ్లు ఎక్కువ, నారుమడి అంటే వెంటనే అర్థమవుతుంది. ఎముక మజ్జ రక్తకణాలకు నారుమడి. అందులో కలుపు ముదిరి నారును అణిచేసింది. కలుపు చావడానికి మందు కొడితే నారు కూడా వాడిపోతుంది, మళ్లీ పచ్చబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ మధ్య రోజులే ప్రమాదం. ఇంత చెప్పాక ఒక నోటుబుక్ తెప్పించి మూడు గీతలు గీసివ్వండి: హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్, ఏఎన్‌సీ (న్యూట్రోఫిల్ కణాల లెక్క). రోజూ రిపోర్టు రాగానే అంకెలు వాళ్లచేతే రాయించండి. ఏఎన్‌సీ 500 కన్నా దిగితే క్రిములను ఎదుర్కొనే కణాలు దాదాపు లేనట్టే. ప్లేట్‌లెట్స్ 10,000 కన్నా దిగితే రక్తస్రావం కనిపించకపోయినా సాధారణంగా ఎక్కిస్తారు, జ్వరం ఉంటే ఇంకాస్త ముందే. ఏడో తరగతి చదివిన తండ్రి పది రోజులు ఈ అంకెలు రాశాడంటే పదకొండో రోజు రిపోర్టు చూసి "ఈ పూట డోనర్ కావాల్సొస్తుందేమో సిస్టర్" అని తనే అంటాడు. భయం పోతుందని నేననను. ఏం చేయాలో తెలిసిన మనిషి భయం వేరుగా ఉంటుంది, అంతే.

డోనర్ల గొడవ దగ్గర నర్సులకూ ఇంటివాళ్లకూ మాటామాటా పెరగడం మామూలే. "ఆస్పత్రికి రక్తం తెచ్చుకోవడం చేతకాదా, అర్ధరాత్రి మమ్మల్ని పరిగెత్తిస్తారా" అంటారు. వాళ్లకు ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే ప్లేట్‌లెట్స్ ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. ఫ్రిజ్‌లో పెట్టేవి కావు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊగుతూ ఉండే యంత్రంలో ఉంచాలి. మామూలు రక్తంలా వారాల తరబడి దాచలేరు. అందుకే అప్పటికప్పుడు మనిషి కావాలి. చేరిన రోజే ఇది చెప్పి, నలుగురైదుగురు దాతల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్లడ్ గ్రూపు ఒక కాగితం మీద రాసిపెట్టించండి. ఎస్‌డీపీ అంటే ఒకే దాత నుంచి యంత్రం ద్వారా తీసే ప్లేట్‌లెట్స్ అనీ, దాదాపు ఆరు మామూలు సంచులకు అది సమానమనీ, గంటన్నర వరకూ పట్టొచ్చనీ, మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ మింగినవాళ్లు పనికిరారనీ చెప్పండి. ఊరి నుంచి జీపులో ఆరుగురు వస్తే, వాళ్లలో ఐదుగురు పనికిరారని కౌంటర్ దగ్గర తెలిస్తే ఆ కోపం మీమీదకే వస్తుంది.

ఇంకొకటుంది. ముందు ముందు మజ్జ మార్పిడి చేయాల్సి రావొచ్చనుకునే రోగికి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల రక్తం ఎక్కించకపోవడం మంచిది. రేపు దాత కావాల్సిన మనిషి కణాలకే రోగి ఒంట్లో వ్యతిరేకత పుట్టొచ్చు. ఒకవేళ దగ్గరి రక్తసంబంధీకులదే వాడాల్సొస్తే రేడియేషన్ పెట్టిన సంచే ఇవ్వాలి. "మా తమ్ముడున్నాడు, వాడిది తీసుకోండి" అని ముందుకొచ్చిన కుటుంబానికి వద్దంటే నొచ్చుకుంటారు. తమ్ముణ్ని అసలు పనికోసం అట్టే పెట్టుకుంటున్నామని చెప్పాలి. స్నేహితులను, సహోద్యోగులను పిలవమనాలి.

జ్వరం సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి. డిశ్చార్జి రోజున కాగితాలన్నీ చేతిలో పెట్టి "జ్వరమొస్తే రండి" అంటే తలూపుతారు. ఆ తలూపుడుకు అర్థం లేదు. వాళ్ల నోటితో చెప్పించాలి.

"ఇంటికెళ్లాక బాబు ఒళ్లు వేడిగా అనిపిస్తే ఏం చేస్తావమ్మా?"

"డోలో వేస్తా సిస్టర్."

"వేశాక?"

"తగ్గకపోతే మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తా."

మామూలు పిల్లాడికైతే మన పల్లెల్లో ప్రతి తల్లీ చేసేది ఇదే. ఈ పిల్లాడికి రెండూ ముప్పే. డోలో వేస్తే అంకె దిగుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది, ఆస్పత్రికి రావడం ఒక పూట ఆలస్యమవుతుంది. ప్లేట్‌లెట్స్ లేనివాడికి తుంటికి సూది వేస్తే కండలో రక్తం గడ్డకడుతుంది. కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పండి. ముందు థర్మామీటరు కొనిపించండి, చంకలో పెట్టి చూడటం నేర్పండి. మలద్వారం దగ్గర పెట్టి చూడకూడదు, ఎనిమాలు, సపోజిటరీలు కూడా వద్దని చెప్పండి. 100.4 దాటితే పగలైనా రాత్రైనా బయల్దేరడమే. వచ్చిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలన్నది ప్రపంచమంతటా పాటించే పద్ధతి. ఆ గంట మీ చేతిలో ఉంది గానీ, అంతకుముందు ఊరి నుంచి పట్టే గంటలు వాళ్ల చేతిలో ఉన్నాయి.

అందుకే డిశ్చార్జి మాటల్లో సగం రోడ్డు గురించే ఉండాలి. ఏ ఊరమ్మా? ఆసిఫాబాద్ దగ్గర తండా అయితే హైదరాబాద్ రావడానికి రాత్రంతా పడుతుంది. రాత్రి బండి ఎవరిది దొరుకుతుంది? 108 ఎంతసేపట్లో వస్తుంది? దగ్గర్లో జిల్లా ఆస్పత్రి ఏది? అక్కడి డ్యూటీ డాక్టరుకు చూపించడానికి "కీమో తీసుకుంటున్న రోగి, కణాలు తక్కువ, జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టి మాకు ఫోన్ చేయండి" అని డాక్టరు సంతకంతో ఒక కాగితం డిశ్చార్జి సమ్మరీకి పిన్ను కొట్టి పంపండి. ఇన్ని అడిగాక చివర్లో మళ్లీ "ఒళ్లు వేడిగా ఉంటే ఏం చేస్తావమ్మా?" అని అడగండి. ఈసారి జవాబులో థర్మామీటరు ముందు రావాలి, డోలో అసలు రాకూడదు. వస్తే ఇంకోసారి చెప్పండి. విసుక్కోకండి, ఆమె నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

తిండి విషయంలో మనవాళ్లకు డెంగీ రోజుల అలవాటు పోలేదు. ప్లేట్‌లెట్స్ అనగానే బొప్పాయి ఆకు రసం. "ఆ చెత్త తాగించకండి" అని కసిరితే మీరు లేనప్పుడు తాగిస్తారు. ఇక్కడ కణాలు తగ్గింది మజ్జలో తయారీ ఆగిపోవడం వల్లనీ, ఆకు రసానికి ఆ మజ్జతో పనిలేదనీ, పచ్చి ఆకు మీది క్రిములు మాత్రం లోపలికి పోతాయనీ చెప్పండి. నాటుమందు ఏదైనా వాడుతుంటే తిట్టనని మాటిచ్చి అడగండి. కీమో మందులతో కలిసి కాలేయాన్ని దెబ్బతీసేవి అందులో ఉండొచ్చు, డాక్టరుకు తెలియాలి. మిగతాది సులువే: వేడివేడిగా వండింది, అప్పుడే తినేది. రాత్రి చద్దన్నం, బజారు పానీపూరీ, కోసిపెట్టిన పండ్లముక్కలు వద్దు. తొక్క ఒలిచి తినే అరటిపండు, కమలాపండు కడిగి ఒలుచుకుని తినొచ్చు. నోరు పూస్తే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. కారం ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే, గుంటూరువాళ్లకైనా సరే.

మాటల్లో పడి మరచిపోకూడని సంగతి ఒకటి చెప్పి ముందుకెళతాను. విన్‌క్రిస్టిన్ నరంలోకి మాత్రమే వెళ్లాలి. వెన్నులోకి వెళితే దాదాపు ఎవరూ బతకరు. దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందుకే, సంచిని పొరపాటున వెన్నులో సూదికి తగిలించలేరు కనక. వెన్నులో మందు ఇచ్చే గదిలోకి ఆ రోజు విన్‌క్రిస్టిన్ రాకుండా చూడటం కూడా కుటుంబానికి మీరిచ్చే అండే. వాళ్లకది ఎప్పటికీ తెలియదు.

నిజం చెప్పాలా వద్దా అన్నది పెద్దవాళ్ల వార్డులో రోజూ ఎదురయ్యే చిక్కు. కొడుకు కారిడార్‌లో ఆపి, "మా నాన్నకు రక్తం తక్కువైందని మాత్రమే చెప్పాం సిస్టర్, మీరు క్యాన్సర్ అనే మాట ఎత్తకండి" అంటాడు. అతని మీద కోపం తెచ్చుకోవద్దు, ప్రేమకొద్దీ అంటున్నాడు. "నా అంతట నేను చెప్పను బాబూ. ఆయనే అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను, డాక్టరుగారితో కూర్చుని మాట్లాడదాం" అనండి. తర్వాత ఎప్పుడో సెలైన్ మారుస్తూ పెద్దాయన్ని "డాక్టరుగారు మీకేమని చెప్పారండీ?" అని అడగండి. చాలాసార్లు వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "నాకు తెలుసులేమ్మా. లక్డీకాపూల్‌లో ఆటోవాడు క్యాన్సర్ ఆస్పత్రేనా అని అడిగే ఎక్కించుకున్నాడు. పిల్లలు బాధపడతారని ఊరుకున్నా." ఒకే మంచం చుట్టూ తండ్రి, కొడుకు ఒకరికి తెలియకుండా ఒకరు అదే నిజం మోస్తుంటారు. ఆ రెండు మోతలనూ ఒకచోటికి చేర్చే మీటింగ్ డాక్టరే పెట్టాలి. మీరు అందులో కూర్చోవాలి. డాక్టరు వెళ్లాక ఇంకో పావుగంట అక్కడే ఉండాలి, అసలు ప్రశ్నలు అప్పుడే వస్తాయి.

డబ్బు గురించి నర్సుకెందుకు అనుకోవద్దు. పేషెంటు సంతకం పెట్టకుండా వెళ్లిపోయే ముందు రోజు రాత్రి మీకే తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆంధ్రలో అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో, సీఎం రిలీఫ్ ఫండ్‌కు ఏ కాగితాలు కావాలో, రైలు టికెట్‌లో క్యాన్సర్ రోగులకు రాయితీ ఉందనీ, దానికి ఆస్పత్రి ఫారం కావాలనీ మొదటి వారంలోనే చెప్పండి. అడిగితే చెబుదాంలే అనుకుంటే, అడగడానికి సిగ్గుపడేవాళ్లే ముందు వెళ్లిపోతారు.

సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) రోగులతో చిక్కు ఇంకో రకం. 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఆ జబ్బు రోజూ మాత్ర వేసుకుంటూ దశాబ్దాలు బతికే జబ్బయింది. ఒంట్లో బాగుందని మాత్ర మానేయడమే ప్రమాదం. భోజనంతోపాటు పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలని, వాంతి భయంతో పరగడుపున వేసుకోవద్దని చెప్పి, నెల మాత్రలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా ఖాళీ అట్టలు చూపించమనండి.

మజ్జ మార్పిడి గదిలో అందరి కళ్లూ అద్దం లోపలి పిల్లాడి మీదే ఉంటాయి. బయట బెంచీ మీద దాతైన అక్కో తమ్ముడో కూర్చుని ఉంటారు, వాళ్లను ఎవరూ పట్టించుకోరు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో పూర్తి మ్యాచ్ కుదిరే అవకాశం నాలుగింట ఒకటి, అది కుదిరిందని ఇంట్లో పండగ చేసుకుని ఉంటారు. దాత ఎనిమిదేళ్ల అక్క అయితే, ఆ పిల్లకు లోపల ఒకే భయం: నా కణాలు పనిచేయకపోతే తమ్ముడు నావల్లే చనిపోతాడా? ఆమె అది నోరు విడిచి అనదు. మీరే వెళ్లి పక్కన కూర్చుని, నీ పని నువ్వు బాగా చేశావు, ఇక పనంతా మందులది, డాక్టర్లది అని చెప్పండి. తుంటి దగ్గర నొప్పిగా ఉందా అని కూడా అడగండి, ఆమె కూడా మీ పేషెంటే.

కొందరికి మందు పనిచేయదు. అప్పుడు కూడా ముందే చెప్పడమే పని, చెప్పడం మాత్రం చాలా కష్టం. చివరి రోజుల్లో ముక్కు నుంచో నోటి నుంచో రక్తం ఎక్కువగా రావొచ్చని తెలిసిన ఇంటికి ముదురు రంగు తువ్వాళ్లు, నల్లవో ముదురు నీలంవో, నాలుగు దగ్గర పెట్టుకోమని చెప్పాలి. తెల్ల దుప్పటి మీద ఎరుపు చూసిన దృశ్యం ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి వదలదు. మార్ఫిన్ సిరప్ ఇస్తే మత్తుకు అలవాటు పడతాడేమో, ప్రాణం తొందరగా పోతుందేమో అని భయపడతారు. నొప్పికి తగ్గ మోతాదులో డాక్టరు చెప్పినట్టు ఇస్తే రెండూ జరగవని చెప్పండి. తెలంగాణ జిల్లాల్లో 'ఆలన' బృందాలు ఇంటికే వచ్చి చూస్తాయి, హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది. ఆ నంబర్లు మీ జేబు డైరీలో ఉండాలి. ఇలాంటి డ్యూటీ అయిన రోజు హ్యాండోవర్ తర్వాత తోటి నర్సుతో పది నిమిషాలు కూర్చుని టీ తాగే ఇంటికెళ్లండి. ఇంట్లోవాళ్లతో అన్నీ చెప్పుకోలేం.

బతికి బయటపడేవాళ్ల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. పిల్లలకు వచ్చే ఏఎల్‌ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా)లో మొదటి నెల కీమో అయ్యేసరికి చాలామందిలో జబ్బు కంటికి కనిపించకుండా పోతుంది. పిల్లాడు ఆడుకుంటాడు, అన్నం తింటాడు. ఇల్లంతా సంబరం. అసలు వైద్యం ఇంకా రెండు మూడేళ్లుంది. సరిగ్గా ఇక్కడే కొన్ని కుటుంబాలు రావడం మానేస్తాయి. పత్తి తీత, ఇంకో పిల్ల పెళ్లి, చేతిలో డబ్బు అయిపోవడం, కారణాలు వాళ్లవి వాళ్లకుంటాయి. తేదీ దాటిన రెండో రోజే ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు" అని మొదలుపెడితే ఫోన్ ఎత్తడం మానేస్తారు. "చిన్నోడు ఎలా ఉన్నాడమ్మా, మాత్రలు అయిపోయుంటాయి కదా" అనండి. రాత్రిపూట వేసే 6-ఎంపీ మాత్ర గురించి అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు.

బడికి పంపేటప్పుడు టీచరుకు ఒక ఉత్తరం తెలుగులో రాసివ్వండి. మన పల్లెల్లో ఆటలమ్మ పోస్తే ఆస్పత్రికి వెళ్లరు, వేపాకు మీద పడుకోబెట్టి అమ్మవారిని చల్లబరుస్తారు, బయటివాళ్లకు చెప్పరు. కీమోలో ఉన్న పిల్లాడికి అదే ఆటలమ్మ ఊపిరితిత్తులకు ఎక్కొచ్చు. కాబట్టి ఉత్తరంలో ఇలా రాయండి: "మీ తరగతిలోగానీ, ఆ వీధిలోగానీ ఎవరికైనా ఆటలమ్మ, తట్టు పోసినట్టు తెలిస్తే ఆ రోజే పిల్లాడి తల్లికి చెప్పండి. రేపటిదాకా ఆగొద్దు." కింద వార్డు ఫోన్ నంబరు, డ్యూటీలో ఎవరున్నా మాట్లాడతారని ఒక మాట. ఉత్తరం కాపీ ఒకటి తల్లి దగ్గర, ఇంకొకటి ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి. టీచరు బదిలీ అయితే కొత్త టీచరుకు ఇంకో కాపీ కావాలి, దానికోసం వార్డులో ఒక జిరాక్స్ కట్ట ఎప్పుడూ పెట్టుకోండి.